అబ్బా వేయించిన ఛత్

2023 జూలై 27, జుమేరాత్. మొహర్రం ఎనిమిదో తారీఖు. గోదావరిఖని నుంచి అమ్మీ ఫోన్ చేసింది. ఫజర్‌కు లేచి చూస్తే జానమాజ్ మొత్తం తడిసి ఉందట. "బేటా, మూడు చోట్ల బకెట్లు పెట్టిన. నాలుగో చోటుకు బకెట్ లేదు" అంది. అబ్బాకు ఇమ్మంటే ఆయన ఫోన్ తీసుకోలేదు. ఛత్ మాట వస్తే ఆయన ఖామోష్ అయిపోతాడు. ముప్పై ఆరేళ్ల కింద ఆయన వేయించిన ఛత్ అది.

అదే ఇరవై నాలుగు గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఒక్క రోజులో అంత వాన తెలంగాణలో అంతకు ముందు నమోదు కాలేదు. మా ఖనిలో అంత పడలేదు, అల్లా కా షుకర్. కానీ పేపర్‌లో పనిచేసే వాడి బుద్ధి ఊరుకోదు కదా, హిసాబ్ వేశాను. చదరపు మీటరు జాగా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీళ్లు. మా ఇల్లు 18 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. 540 చదరపు అడుగులు, అంటే 50 చదరపు మీటర్లు. లక్ష్మీదేవిపేట వాన మా ఇంటి మీద పడి ఉంటే ఒక్క రోజులో 32 వేల లీటర్లు దాటేది. 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఆరున్నర. మామూలు సాలులో కూడా మా తరఫ్ వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడుతుంది, అదీ ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపలే. అంటే మా చిన్న ఇంటి మీద ఏటా 50 వేల లీటర్లు. ఆ పానీ అంతా ఒక మూలకున్న మూడంగుళాల పైపులోంచి దిగిపోవాలి. ఆ పైపు మూతికి వేపాకులు, బొగ్గు దుమ్ము అడ్డం.

ఇంత వాన పడే చోట చదును ఛత్ వేసుకోవాలని మనకు ఎవరు చెప్పారు? ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి అదీ ఒక కారణం.

ఉర్దూ మీడియంలో చదివిన వాడిని, నాకు మొదట షాయిరీయే గుర్తొస్తుంది. ఫార్సీలో ఛత్‌ను బామ్ అంటారు. గజళ్లలో మెహబూబా ఎప్పుడూ లబ్-ఎ-బామ్ దగ్గరే, అంటే ఛత్ అంచునే నిలబడి ఉంటుంది. అది ఎక్కడి ఛత్? బగ్దాద్‌లో ఏడాది మొత్తానికి పడే వాన 150 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మక్కాలో అంతకంటే తక్కువ. అటువైపు మట్టి ఛత్ మీద ఎండాకాలం రాత్రిళ్లు చాపలు పరుచుకొని పడుకుంటారు. వాన అంటే సాలుకు కొన్ని రోజుల ముచ్చట. అయినా వాళ్లు ఛత్‌ను అల్లా మీద భారం వేసి వదిలేయలేదు. ఇరాన్‌లో, తుర్కీలో పాత ఇళ్ల మీద ఒక రాతి రోలరు పడి ఉంటుంది. ఫార్సీలో దాన్ని బామ్-గల్తాన్ అంటారు. వాన పడ్డాక పైకెక్కి, నెర్రెలు పూడేలా ఆ మట్టిని దొర్లించి గట్టి చేసేవారు. మన షాయర్లు బామ్‌నైతే హిందుస్తాన్ దాకా మోసుకొచ్చారు గానీ ఆ రోలరును అక్కడే వదిలేశారు. ఢిల్లీ చేరిన బామ్ గాలిబ్ నెత్తి మీద కురిసింది. ఆయన ఖుతూత్ చదివిన వాళ్లకు తెలుసు, వానాకాలంలో బల్లీమారాన్ ఇంటి ఛత్ గురించి ఆయన ఎంత వాపోయాడో.

ఛత్ కురవడం నామోషీ అనుకునే వాళ్లకు ఇంకో మాట. మస్జిద్-ఎ-నబవీ మొదటి కప్పు ఖర్జూరపు మట్టలది. రమ్జాన్‌లో ఒక రాత్రి వాన పడి అది కురిసిందనీ, రసూలుల్లా ఆ బురదలోనే సజ్దా చేశారనీ సహీ బుఖారీలో ఉంది. మా దాదీకి ఆ హదీస్ మహా ఇష్టం. ఇల్లు కురిసిన ప్రతిసారీ చెప్పేది.

దాదీ ఇల్లు మంథని తరఫ్ ఒక పల్లెలో. గూనపెంకుల ఇల్లు, మా ఇంట్లో కవేలూ కా ఘర్ అనేవాళ్లం. రెండు వైపులా వాలు కప్పు. వాన పడగానే జారి వాకిట్లోకి పోయేది, ఇంటి మీద నిలబడే ఫుర్సత్ దానికి లేదు. కానీ ఖర్చు లేని ఇల్లేం కాదు. రోహిణి కార్తె ఎండల్లో, మిరుగు రాకముందే, గూన సర్దే మనిషి వచ్చేవాడు. పగిలినవి తీసి కొత్తవి పెట్టేవాడు. రెండు రోజుల పని, కొంచెం పైసలు, కొంచెం బియ్యం. ప్రతి సాలూ ఉండే ఖర్చు గనుక ఎవరూ దాన్ని ఖర్చు అనుకోలేదు. ఆ ఇళ్లు పోవడానికి వాన కారణం కాదు, కోతులు. అడవులు తగ్గి కోతులు ఊళ్ల మీద పడ్డాక పెంకు నిలవలేదు.

సున్నపు ఛత్‌లూ అంతే. మన హైదరాబాద్ పాత దేవిడీల మీద ఉన్నది సిమెంటు కాదు. దూలాలు, వాటి మీద ఇటుకలో బండలో, ఆ పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటు. గానుగలో ఎద్దులను తిప్పి రుబ్బిన డంగు సున్నం, అందులో సుర్ఖీ, బెల్లం నీళ్లు, కరక్కాయ. ఆ మిశ్రమాన్ని పరిచి, ఆడవాళ్లు వరుసగా కూర్చొని చెక్క బల్లలతో రోజుల తరబడి కొట్టేవారు. కొట్టీ కొట్టీ అది రాయిలా బిగిసేది. సున్నానికి ఒక గుణముంది. సన్నని నెర్రె పడితే వాన నీళ్లతో కరిగి మళ్లీ తనే కొంత పూడుకుంటుంది. అయినా రెండు మూడేళ్లకోసారి మనిషి పైకెక్కి చూసి, పూత వేయాల్సిందే.

అలా చూడకుండా, కురిసిన చోటల్లా మీద ఇంకో పొర వేసుకుంటూ పోతే ఏమవుతుందో మక్కా మస్జిద్ చెప్పింది. 1617లో సుల్తాన్ మొహమ్మద్ కుతుబ్ షా పునాది వేస్తే, 1694లో ఔరంగజేబ్ హయాంలో పూర్తయిన ఇమారత్ అది. ఛత్ కురవడం మొదలై ఏళ్లు గడిచాక, 2017లో తెలంగాణ ప్రభుత్వం మరమ్మత్తుకు 8 కోట్ల 48 లక్షలు మంజూరు చేసింది. పనివాళ్లు పైకెక్కి చేసిన పెద్ద పని, తరతరాలుగా పేరుకున్న పాత సున్నపు పొరలను తవ్వి కిందికి దించడం. బరువు తగ్గిస్తే గానీ కొత్త పూతకు అర్థం లేదు. 1925లో పూర్తయిన ఉస్మానియా దవాఖానాది ఇంకా విషాదం. పెచ్చులు ఊడి పడుతున్నాయని డాక్టర్లు హెల్మెట్లు పెట్టుకొని నిరసన చేసే దాకా వచ్చింది. 2020 జూలైలో వార్డుల్లోకి నీళ్లు వచ్చాక పాత భవనం ఖాళీ చేయించి తాళం వేశారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త దవాఖానాకు సంగ్ బునియాద్ వేశారు. ఈ రెండు ఇమారత్‌లకు సర్కార్ ఉంది. మా 540 అడుగులకు అబ్బా ఉన్నాడు, అంతే.

ఇక మా ఖని సంగతి. సింగరేణి కథ 1871లో ఇల్లెందు దగ్గర డాక్టర్ విలియం కింగ్ బొగ్గు గుర్తించడంతో మొదలైంది, 1889లో తవ్వకం షురూ అయింది. గోదావరి ఒడ్డున రామగుండం తరఫ్ బాయిలు తెరిచింది మాత్రం 1960 ప్రాంతంలో. ఊరు కంటే బాయి ముందు పుట్టిన చోటు మాది. ఉర్దూలో గనిని కాన్ అంటారు. మా తాయా ఉత్తరాల మీద ఊరి పేరు రాసేటప్పుడు చివర్లో 'కాన్' అని రాస్తే, పోస్ట్‌మన్ కూడా దాన్ని తప్పు అనుకోలేదు.

మొదటి తరం కార్మికులు గుడిసెల్లో, రేకుల కింద, పెంకుల క్వార్టర్లలో బతికారు. స్లాబు అన్నది ఆఫీసర్ల బంగళాల మీద కనిపించే చీజ్. అది కార్మికుడి ఇంటి మీదికి రావడానికి రెండు దారులు తెరుచుకున్నాయి. ఒకటి, మంచిర్యాలలో ఏసీసీ సిమెంటు కర్మాగారం, ఆ తర్వాత 1969లో మా పక్కనే బసంత్‌నగర్‌లో కేసోరాం. బొగ్గు ఉన్న చోట, సున్నపురాయి ఉన్న చోట సిమెంటు పుట్టింది. రెండోది, కంట్రోల్ ఎత్తేయడం. 1982 ఫిబ్రవరి దాకా సిమెంటు ధర, పంపకం మొత్తం సర్కార్ చేతిలోనే. పర్మిట్ కోసం తహసీల్ చుట్టూ తిరగాలి. 1982లో సగం, 1989 మార్చిలో పూర్తిగా కంట్రోల్ పోయింది. ఆ మధ్య ఏళ్లలోనే మా బస్తీలో స్లాబులు లేచాయి.

అబ్బా మైనింగ్ సర్దార్. కంపెనీ క్వార్టర్ రిటైరైన రోజు దాకానే మనది. తర్వాత ఖాళీ చేయాలి. ఆ భయం ప్రతి బాయి కార్మికుడి ఇంట్లో ఉంటుంది. 1987లో అబ్బా చిట్టీ ఎత్తి, అమ్మీ గాజులు గిరవి పెట్టి ఇల్లు కట్టించాడు. ఆయన ఉర్దూలో రాసుకున్న హిసాబ్ నోట్‌బుక్ ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది. సిమెంటు 50 బస్తాలు, బస్తా 62 రూపాయలు. సలాకలు 550 కిలోలు, కిలో ఏడున్నర. కంకర, ఇసుక, సెంట్రింగ్, కూలీ కలిపి ఒక్క ఛత్‌కే 14,800. అది ఆయన ఎనిమిది నెలల తన్ఖా.

స్లాబు వేసిన రోజు నాకు ఎనిమిదేళ్లు. బస్తీ బస్తీ అంతా వచ్చింది. మిల్లర్ లేదు, నేల మీదే పారలతో కలిపారు. నిచ్చెన మీద వరుసగా నిలబడి తట్టలు చేతులు మార్చారు. పక్కింటి కాక బాయి నుంచి సీదా వచ్చి, మొహం మీది బొగ్గు కడుక్కోకుండానే తట్ట అందుకున్నాడు. జోహర్ వేళకు పని పూర్తయింది. మేస్త్రీకి కొత్త లుంగీ, అందరికీ బగారా ఖానా, గోష్త్. ఆ రాత్రి అబ్బా అమ్మీతో అన్న మాట మా ఇంట్లో అందరికీ యాదుంది: "అబ్ జిందగీ భర్ కీ ఫికర్ గయీ."

సిమెంటుతో వచ్చిన పెద్ద మార్పు నా దృష్టిలో ఆ మాటే. గూన సర్దే మనిషి, సున్నం కొట్టే ఆడవాళ్లు, బామ్-గల్తాన్, అందరూ ఒక్కసారిగా బేకార్ అయ్యారు. ఛత్ అనేది ఏటా చేసే పని కాకుండా ఒక్కసారి కొనే చీజ్ అయింది. ఆ నోట్‌బుక్‌లో 1987 తర్వాత ఛత్ పేరు మీద ఒక్క పైసా రాసి లేదు. నేను పేజీ పేజీ తిరగేశాను.

అందులో నాకు ఎక్కువ బాధ కలిగించేది అబ్బా పని. భూమి కింద సర్దార్ పని ఏమిటో తెలుసా? షిఫ్టులో మనుషులను లోపలికి పంపే ముందు తనే పోయి పైకప్పు చూడాలి. కర్రతో బండను తట్టాలి. ఒక చేతి వేళ్లు బండకు ఆనించి, ఇంకో చేత్తో కొట్టాలి. గట్టి బండ ఖణేల్‌మంటుంది. విడిపోయిన బండ డొల్లగా, డప్పులా మోగుతుంది, వేళ్లకు అదురు తెలుస్తుంది. డొల్ల మోగితే రాల్చేయాలి, లేదా సపోర్టు పెట్టాలి, అప్పటిదాకా మనిషిని రానివ్వొద్దు. మా ఊళ్లో ఈ పనికి విలువ ఎంతో 2003 చెప్పింది. జూన్ 16న 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది పోయారు. అక్టోబర్‌లో 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది. ఆ వారం అబ్బా ఇంట్లో ఒక్క ముద్ద సరిగా తినలేదు. ముప్పై ఏళ్లకు పైగా ప్రతి షిఫ్టులో భూమి కింద ఛత్‌ను తట్టి చూసిన మనిషి, తన ఇంటి ఛత్‌ను ఒక్కసారి తట్టి చూడలేదు.

లోపల జరిగింది ఇది. సలాక చుట్టూ కనీసం ముప్పావు అంగుళం సిమెంటు కాంక్రీటు ఉండాలి. 1987లో మేస్త్రీ సలాకల కింద చిన్న కంకర రాళ్లు పెట్టి సరిపెట్టాడు. కొన్ని చోట్ల సలాక దాదాపు పూతకు తాకుతూనే ఉంది. వాలు కూడా లేదు. పది అడుగులకు అంగుళం పైన వాలు ఇవ్వాలి, మా ఛత్ పిల్లలు క్రికెట్ ఆడేంత చదును. నిలిచిన నీళ్లు మెల్లగా దిగి సలాకను చేరాయి. ఇనుముకు జంగ్ పడితే అది ఉబ్బుతుంది. అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరింతల జాగా అడుగుతుంది. ఆ జాగా కోసం కింది కాంక్రీటును తోసేస్తుంది. మనం పెచ్చులు ఊడాయని, మళ్లీ గిలాబు చేయించి సున్నం కొట్టిస్తాం. రంజాన్‌కు ముందు మా ఇంట్లో నాలుగుసార్లు అదే జరిగింది. జంగ్ మీద ముసుగు కప్పడమే అది.

మేస్త్రీలను పిలిచాను. మొదటాయన మీద ఇటుక ముక్కల కాంక్రీటు నాలుగు అంగుళాలు పోద్దామన్నాడు. దాని బరువు లెక్క వేస్తే తొమ్మిది టన్నులు దాటుతోంది. స్లాబు సొంత బరువే పదిహేను టన్నుల పైన. నడుము విరిగిన ముసలాయన మీద ఇంకో బస్తా పెట్టడం, మక్కా మస్జిద్ మీద పొర మీద పొర వేసిన తరీఖానే ఇదీ. రెండో ఆయన ఇనుప పైపులు నిలబెట్టి, పైన రంగు రేకులు వేసుకోమన్నాడు. ఖనిలో ఇప్పుడు ఏ ఇల్లు ఎక్కి చూసినా ఇదే, స్లాబు మీద వాలు రేకుల షెడ్డు. నాకైతే నవ్వొచ్చింది. దాదీ గూన ఇంటి వాలును నామోషీ అని దించేసి, నలభై ఏళ్లకు అదే వాలును స్లాబు నెత్తిన టోపీలా పెడుతున్నాం. కానీ వాన ఆగుతుందే తప్ప, లోపల తినేసిన సలాక తిరిగి రాదు.

మూడో ఆయన కూలగొట్టి కొత్తది వేయాలన్నాడు. కూలగొట్టడం, మలబా ఎత్తిపోయడం 45 వేలు. సలాకలు 36 వేలు, సిమెంటు 17 వేలు, ఇసుక కంకర 20 వేలు, సెంట్రింగ్ కూలీ 60 వేలు, వైరింగ్, గిలాబు, వాటర్‌ప్రూఫింగ్ 50 వేలు. మొత్తం 2 లక్షల 28 వేలు, పైగా మూడు నెలల కిరాయి ఇల్లు. పాత ఛత్ ఎనిమిది నెలల తన్ఖా. ఇప్పుడు అబ్బాకు 1998 నాటి కోల్ మైన్స్ పెన్షన్ స్కీమ్ కింద వచ్చేది నెలకు నాలుగు వేల రెండు వందలు. ఆ పెన్షన్ డీఏతో పెరగదు. అంటే నాలుగున్నరేళ్ల పెన్షన్. లోన్ తీసుకుందామంటే మా బస్తీలో చాలా ఇళ్లలాగే మాదీ పట్టా దగ్గర ఆగింది. కాగజ్ లేని ఇంటికి బ్యాంకు వాళ్లు చాయ్ కూడా పోయరు.

భాయిజాన్ ఇల్లు అమ్మేసి కరీంనగర్ రమ్మన్నాడు. అమ్మీ ఏడ్చింది. నేను ఎటూ చెప్పలేకపోయాను. నిజం చెప్పాలంటే నాకూ అమ్మేయడమే ఆసాన్ అనిపించింది.

2024 ఫిబ్రవరి, షాబాన్ నెల. ఆ రోజు మేస్త్రీ సుత్తితో ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తుంటే, అబ్బా లేచి మూలకున్న చేతికర్ర తీసుకున్నాడు. ఆయనకు డెబ్బై ఏడు. స్టూలు ఎక్కుతానంటే నేను పట్టుకున్నాను. ఎడమ చేతి వేళ్లు ఛత్‌కు ఆనించి, కుడి చేత్తో కర్రతో తట్టాడు. వంటింట్లో తట్టాడు, డొల్ల. వెనక గదిలో, డొల్ల. ముందు హాల్లోకి వచ్చి అడుగడుగునా తట్టాడు. ఖణేల్. మళ్లీ తట్టాడు. "యే ఠైరేగీ. ఇది ఉంచు. వెనక రెండు గదులే కూలగొట్టు" అన్నాడు మేస్త్రీతో. మేస్త్రీ ఒప్పుకోలేదు, సుత్తితో హాల్లో నాలుగు చోట్ల కొట్టి చూసి, రెండు చోట్ల పూత తొలిచి సలాక చూశాడు. ఇనుము నల్లగా, సాఫ్‌గా ఉంది. హాల్‌కు, వెనక గదులకు మధ్య గోడ మీద దూలం ఉంది గనుక సగం కోయడం కుదురుతుందన్నాడు.

ముందు హాల్లోకి ఎవరూ రాకుండా అబ్బా గడప మీద కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ప్రాపులు ఎక్కడ పెట్టాలో ఆయనే చెప్పాడు. కూలగొట్టే రెండు రోజులూ చాయ్ ఇవ్వడానికి అమ్మీని కూడా లోపలికి పోనీయలేదు. కొత్త స్లాబు వేసిన రోజు తట్టలు అందుకోవడానికి బస్తీ రాలేదు, మిల్లర్ వచ్చింది, లిఫ్ట్ వచ్చింది. బగారా ఖానా మాత్రం వండాం. రమ్జాన్ చాంద్ కనిపించే ముందు సెంట్రింగ్ విప్పారు. మొత్తం ఖర్చు 1 లక్షా 26 వేలు, నేనూ భాయిజాన్ సగం సగం. ఈసారి వాలు ఇచ్చారు, పైపులు రెండు పెట్టారు.

కూలిన సగం ఛత్‌లోంచి తీసిన సలాకలను కబాడీ వాడు తూచాడు. 1987లో ఆ రెండు గదులకు పడింది 275 కిలోలు. తూకంలో 190 కిలోలు వచ్చాయి, మిగిలింది జంగ్ తినేసింది. కిలోకు 30 రూపాయల లెక్కన 5,700 ఇచ్చాడు. అబ్బా నోట్‌బుక్ తెప్పించి, ఏడున్నర చొప్పున తను కొన్న ధర చూసుకున్నాడు. అప్పుడు రెండు వేల చిల్లర పెట్టిన ఇనుము, కుళ్లిపోయాక ఐదు వేల ఏడు వందలకు పోయింది. ఆ పేజీ కిందే ఆ సంఖ్య రాసుకున్నాడు. పక్కన కొత్త ఛత్ తారీఖు వేసి, దాని కింద 'మరమ్మత్' అని ఉర్దూలో రాసి, ఆ ఎదురు జాగా ఖాళీగా వదిలాడు. మే నెలలో పైపు మూతి దగ్గర ఆకులు తీయించినందుకు కూలీకి ఇచ్చిన 300 రూపాయలు అందులో మొదటి హిసాబ్.